పరగడుపుతో తేలని ఐరన్ లెక్క

"రేపు పొద్దున్నే పరగడుపున రండమ్మా." డాక్టరు ఐరన్ పరీక్ష రాసిన చీటీ పట్టుకుని ల్యాబ్‌కు ఫోన్ చేస్తే అవతల నుంచి వినిపించే మాట ఇదొక్కటే. ఏం మాత్రలు వాడుతున్నారని అడగరు. ఈ మధ్య జ్వరమొచ్చిందా అని అడగరు. ఐరన్ ఇంజెక్షన్లు చేయించుకున్నారా, రక్తం ఎక్కించారా, జుట్టు ఊడుతోందని ఏమైనా మింగుతున్నారా అన్న ఊసే ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదీ అదే. రక్తపరీక్ష అంటే కడుపు ఖాళీగా ఉండాలి, అంతకుమించి చేయాల్సిందేమీ లేదు. చదువుకున్నవాళ్లూ, చదువులేనివాళ్లూ ఒక్క మాట మీద నిలిచే విషయాలు మన దగ్గర తక్కువ. వాటిలో ఇదొకటి.

ఐరన్ పరీక్ష వరకు ఈ నమ్మకం తప్పు. ఫలితాన్ని తలకిందులు చేసే సంగతులన్నిటినీ వదిలేసి, అన్నిటికంటే తక్కువ విలువున్న సంగతిని పట్టుకుని కూర్చోవడం ఇది. దీనివల్ల నష్టపోయేది ఎక్కువగా ఆడవాళ్లు, అందులోనూ గర్భిణులు. దీన్ని ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా ఖండించాలి.

మా పిన్ని కూతురి సంగతి చెబుతాను. ఆరో నెల గర్భం. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. ఆస్పత్రిలో ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రలు వాడుతోంది. కాకపోతే వికారం వల్ల వారంలో మూడు రోజులు మానేసేది, వేసుకున్న రోజుల్లో కూడా వెంటనే టీ తాగేది. ఐరన్ ఎంత ఉందో చూద్దామని డాక్టరు పరీక్ష రాశారు. ల్యాబ్ వాళ్లు పరగడుపున రమ్మన్నారు. పరీక్ష కదా అని ఆ రోజు శ్రద్ధగా ఉంది. ఉదయం ఆరింటికి లేచి, ఖాళీ కడుపున వేసుకుంటే మాత్ర బాగా ఒంటబడుతుందని నర్సమ్మ చెప్పిన మాట గుర్తుంచుకుని, గ్లాసుడు నీళ్లతో మాత్ర వేసుకుంది. టీ ముట్టుకోలేదు, టిఫిన్ ముట్టుకోలేదు. తొమ్మిదింటికి రక్తం ఇచ్చింది. చెప్పిన నియమాన్ని అక్షరం తప్పకుండా పాటించింది.

రిపోర్టులో సీరం ఐరన్ 160 దాటి, హద్దుల్లోనే పైఅంచున ఉంది. ఐరన్‌కు లోటేమీ లేదు, రక్తం పట్టకపోవడానికి కారణం వేరే ఉండుంటుందన్నారు. ఆ తర్వాత ఐదు వారాలు ఆ వేరే కారణం కోసం తిరిగారు. బి12 చూశారు, తలసేమియా చూశారు. ఈలోగా ఇంట్లో ఐరన్ సరిపోతోందట కదా అని, వేసుకునే ఆ నాలుగు మాత్రలూ ఆపేశారు. ఎనిమిదో నెలలో ఇంకో డాక్టరమ్మ పాత రిపోర్టు చూసి ఒక్క ప్రశ్న అడిగింది. "ఆ రోజు పొద్దున ఏం వేసుకున్నావమ్మా?" ఫెరిటిన్ చేయిస్తే ఏడు వచ్చింది. నిల్వలు అడుగంటిపోయాయన్నమాట. సెలైన్‌లో ఐరన్ ఎక్కించి గట్టెక్కించారు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. అయినా ఆ ఐదు వారాలను నేను మరిచిపోలేను.

అసలు జరిగిందేమిటి? నోటి ద్వారా వేసుకున్న ఐరన్ మాత్ర ప్రభావం రక్తంలో రెండు నుంచి నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి చేరుతుంది. ఆరింటికి మాత్ర, తొమ్మిదింటికి సూది అంటే సరిగ్గా ఆ పతాకస్థాయి దగ్గరే రక్తం తీశారు. పైగా ఖాళీ కడుపున మాత్ర ఇంకా బాగా లోపలికి వెళుతుంది. ఇంకో సంగతి ఉంది, దాన్ని వినే ఓపిక మన ల్యాబ్ బల్లల దగ్గర ఎవరికీ ఉండదు. శరీరంలో ఐరన్ ఎంత తక్కువగా ఉంటే పేగు అంత ఆబగా దాన్ని లాక్కుంటుంది. కాబట్టి లోటు ఎక్కువున్న మనిషిలోనే మాత్ర తర్వాత సీరం ఐరన్ ఎక్కువగా ఎగబాకుతుంది. అంటే ఎవరి లోటు పట్టుకోవడానికి ఈ పరీక్ష పెట్టారో, సరిగ్గా వాళ్ల రిపోర్టే అందరికంటే నిక్షేపంగా కనిపించే ప్రమాదం ఉంది. పరగడుపు నియమం ఇక్కడ ఆ అమ్మాయిని కాపాడలేదు. తప్పును ఇంకాస్త పెంచింది.

సీరం ఐరన్ అనే అంకె స్వభావం తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్‌గా ఉంటుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలో నిల్వగా ఉంటుంది. రక్తద్రవంలో ఏ క్షణానికాక్షణం తిరుగుతూ ఉండేది మహా అయితే మూడు నాలుగు మిల్లీగ్రాములు, మొత్తంలో వెయ్యో వంతు. ఆ కొంచెం కూడా నిలకడగా ఉండదు. రోజుకు ఇరవై, ఇరవై అయిదు మిల్లీగ్రాముల ఇనుము ఆ దారిన పోతుంది కాబట్టి, అందులో ఉన్నదంతా రోజుకు ఆరేడుసార్లు మారిపోతుంది. ఊరి బాట మీద పోతున్న బండిలో బస్తాలు లెక్కపెట్టి ఇంట్లో గాదె నిండిందో లేదో చెప్పగలమా? ఆ బండి పొలం నుంచి వస్తోందో, మిల్లుకు పోతోందో, పక్కింటివాళ్లదో మనకేం తెలుస్తుంది? సీరం ఐరన్ ఆ బండి మీది బస్తాల లెక్క. గాదె లెక్క చెప్పేది ఫెరిటిన్. టీఐబీసీ అంటే బండ్ల మీద మొత్తం ఎన్ని బస్తాలకు చోటుందన్న లెక్క. ఉన్న చోటులో ఎంత నిండిందో చెప్పే శాతాన్ని ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అంటారు. మాత్ర వల్ల బస్తాలు పెరిగితే ఈ శాతమూ దాంతోపాటే అబద్ధంగా పెరుగుతుంది.

పరగడుపు వాదానికి ఒక శాస్త్రీయమైన ఆధారం ఉన్నమాట నిజం, దాన్ని దాచను. సీరం ఐరన్ రోజంతా ఒకేలా ఉండదు, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. కాబట్టి అందరికీ ఒకే వేళకు, తిండికి ముందు తీస్తే పోల్చడానికి వీలుంటుందన్నది ఆ వాదన. చాలా పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ అదే రాస్తాయి. కానీ ఈ హెచ్చుతగ్గులు అందరిలో ఒకే దిక్కున, ఒకే లెక్కన ఉండవు. ఒకే మనిషికి వరుసగా రెండు రోజులు ఒకే వేళకు తీసినా అంకెలు బాగా తేడా రావచ్చు. 2002లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం దీన్నే పరిశీలించి, రక్తం తీసే వేళను కట్టడి చేసినంత మాత్రాన ఈ పరీక్షల నమ్మకం పెరగదని తేల్చింది. ఫెరిటిన్‌కైతే ఆ గొడవే లేదు. పొద్దున తిన్న రెండు ఇడ్లీలో, తాగిన కప్పు టీయో నెలల తరబడి పోగైన నిల్వల అంకెను మార్చవు. ఐరన్ లోటును నిర్ధారించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకం ఎంచుకున్న కొలత ఫెరిటినే. అసలు పరీక్షకు అక్కర్లేని ఉపవాసాన్ని అందరి చేతా చేయిస్తూ, అక్కర ఉన్న ప్రశ్నను ఒక్కరినీ అడగకపోవడం ఏం పద్ధతి?

ఆ ఉపవాసానికి మూల్యం కూడా ఉంది. ఒంట్లో రక్తం లేక నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే గర్భిణి తెల్లవారుజామున ఊళ్లో బస్సెక్కి, టౌనుకొచ్చి, వరసలో నిలబడి, పదిన్నరకు సూది వేయించుకునేదాకా పస్తుంటుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టు కళ్లు తిరిగి అక్కడే కూలబడినవాళ్లను నేను కళ్లారా చూశాను. పరగడుపు అంటే మంచినీళ్లు కూడా తాగకూడదని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. అది మరీ అన్యాయం. నీళ్లు తాగితే ఏ రక్తపరీక్షకూ పరగడుపు చెడదు. తాగకపోతే నరం దొరకదు. నరం దొరక్క రెండు మూడుసార్లు పొడిచి, పట్టీ బిగించి, బలవంతంగా లాగితే గొట్టంలో ఎర్ర కణాలు చితికిపోతాయి. కణాల లోపలున్నది బయటికొచ్చి సీరంలో కలిసి లెక్క చెడిపోతుంది. నీళ్లు మానిపించిన నియమం తిరిగి నమూనానే పాడుచేస్తుంది.

అన్నీ కలిపి ప్యాకేజీగా చేస్తాం, అందులో షుగరు ఉంటుంది కదా అంటారు. సరే, షుగరు పరగడుపున చూడాలనుకుంటే షుగరు కోసమని చెప్పండి. గర్భిణుల విషయానికొస్తే మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకం ప్రకారం చేసే మధుమేహ పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే ఆ పరీక్ష, చివరిసారి ఎప్పుడు తిన్నారన్న దానితో నిమిత్తం లేకుండా చేసేదే. చేలో కూలికెళ్లే ఆడవాళ్లు మాటిమాటికీ పస్తులతో రాలేరన్న ఇంగితంతో వైద్యులు కట్టుకున్న పద్ధతి అది. షుగరుకే లేని పస్తు ఫెరిటిన్‌కు ఎందుకు?

ఇక అడగాల్సిన ప్రశ్నల్లో అన్నిటికంటే పెద్దది జ్వరం గురించి. కొవిడ్ రోజులు గుర్తు చేసుకోండి. 2021 రెండో ఉద్ధృతిలో తెలుగు ఇళ్లలో సీఆర్‌పీ, డీ డైమర్‌లతో పాటు ఫెరిటిన్ అన్న మాట ప్రతి నోటా వినిపించింది. వందలు దాటి, వేలల్లోకి వెళితే భయపడ్డాం. అప్పుడు ఎవరూ దాన్ని ఐరన్ పరీక్ష అనుకోలేదు, ఒంట్లో మంట ఎంతుందో చెప్పే పరీక్ష అనుకున్నారు. రెండూ ఒకటే పరీక్ష. ఒంట్లోకి రోగక్రిమి వస్తే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును వదులుతుంది. అది పేగు దగ్గరా, నిల్వల దగ్గరా ఇనుము బయటికొచ్చే తలుపులు మూసేస్తుంది. క్రిములకూ బతకడానికి ఇనుము కావాలి కాబట్టి వాటికి అందకుండా గాదెకు తాళం వేయడమన్నమాట. అప్పుడు బాట మీద బండ్లు ఖాళీ అవుతాయి, అంటే సీరం ఐరన్ పడిపోతుంది. ఫెరిటిన్ మాత్రం పెరుగుతుంది. టైఫాయిడ్ తగ్గి వారమైనా కాని మనిషికి, డెంగీ నుంచి ఇప్పుడిప్పుడే తేరుకుంటున్న మనిషికి, కీళ్లవాతం ముదిరిన మనిషికి ఫెరిటిన్ అరవై వస్తే నిల్వలు బాగున్నాయనుకోవడం పొరపాటు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు పెద్దవాళ్లకు 15 లోపు ఉంటే లోటన్నది, ఇన్‌ఫెక్షన్ గానీ వాపు గానీ ఉన్న పెద్దవాళ్లకు 70 లోపున్నా లోటుగానే అనుమానించమంది. అయిదేళ్లలోపు పిల్లలకు ఆ అంకెలు 12, 30. జ్వరం సంగతి అడగకుండా ఇచ్చిన ఫెరిటిన్ రిపోర్టు చదవడానికి పనికిరాని కాగితమని నా అభిప్రాయం. అత్యవసరం కాకపోతే జ్వరం తగ్గి కొన్ని వారాలు గడిచాక చేయించుకోవచ్చు. ఆగలేకపోతే దాంతోపాటు ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ కూడా చూస్తే ఆ అంకెను ఏ మేరకు నమ్మాలో తెలుస్తుంది.

జుట్టు మాత్రల సంగతి కొత్తగా పుట్టిన చిక్కు. జుట్టు ఊడుతోందని వెళితే డాక్టరు ఫెరిటిన్ రాస్తారు, అది సబబే. ఐరన్ లోటుకూ జుట్టు రాలడానికీ సంబంధం ఉండొచ్చు. కానీ ఆ అమ్మాయి అప్పటికే మందులషాపులో కొనుక్కుని బయోటిన్ మింగుతూ ఉంటుంది. రోజుకు ఒంటికి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. ఆ మాత్రల్లో తరచుగా 5 మిల్లీగ్రాములో 10 మిల్లీగ్రాములో ఉంటుంది, అంటే వందల రెట్లు. ఫెరిటిన్ కొలిచే యంత్రాల్లో కొన్ని బయోటిన్ అతుక్కునే గుణం మీదే ఆధారపడి పనిచేస్తాయి. రక్తంలో బయోటిన్ పొంగిపొర్లుతుంటే ఆ యంత్రం ఫెరిటిన్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. ల్యాబ్ పరీక్షల్లో బయోటిన్ తెచ్చే ఇలాంటి గందరగోళం గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. అన్ని యంత్రాలకూ ఈ ఇబ్బంది లేదు. మీ ల్యాబ్ యంత్రానికి ఉందో లేదో మీకు తెలియదు, వాళ్లకు తెలుస్తుంది. అడిగితే చెప్పాలి. ఎన్నాళ్ల ముందు ఆపాలన్నది ఎంత మోతాదు వాడుతున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది, మామూలుగా రెండు మూడు రోజులు.

ఐరన్‌ను నరానికి ఎక్కించుకున్నవాళ్లు వారం తిరక్కుండా ఫెరిటిన్ చేయించుకుని, అయిదొందలు దాటిందని బెంబేలెత్తిపోవడమూ చూస్తున్నాం. ఎక్కించిన ఐరన్ కుదురుకోవడానికి కనీసం నాలుగు వారాలు పడుతుంది. అంతకుముందు వచ్చే అంకెకు అర్థం లేదు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లూ, రక్తదానం చేసినవాళ్లూ ఆ మాట చెప్పకపోతే వాళ్ల రిపోర్టు కూడా అంతే.

రక్తం తీసేవాళ్ల వైపు నుంచీ సన్నాహం ఉంది. హిమోగ్లోబిన్, కణాల లెక్కకు తీసే ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని పట్టి బంధించి గడ్డకట్టనివ్వకుండా చేస్తుంది. అది ఇనుమునూ పట్టేస్తుంది. కాబట్టి ఆ గొట్టంలోని రక్తంతో సీరం ఐరన్ చూస్తే అబద్ధంగా తక్కువ వస్తుంది. ఐరన్‌కు వేరే గొట్టం కావాలి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే పిల్లలకు రోజుకు యాభై ఇళ్లు అప్పజెప్పి, ఉన్న ఒక్క గొట్టంతో సర్దేసే పరిస్థితి కల్పిస్తే తప్పు ఆ పిల్లలది కాదు, ఆ పని అప్పజెప్పినవాళ్లది.

నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో నేను గౌరవించేది ఒకటే ఉంది. క్షేత్రంలో పనిచేసే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు చెప్పేది. "మాత్ర వేసుకోమంటేనే వేసుకోరండీ. వికారమంటారు, మలబద్ధకమంటారు, విరేచనం నల్లగా అవుతోందని భయపడతారు. పరీక్షకు ముందు ఆపమంటే ఆపేస్తారు, మళ్లీ మొదలుపెట్టరు. దానికంటే పరగడుపున రమ్మని ఊరుకోవడమే మేలు." ఇది అనుభవంలోంచి వచ్చిన మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. అలాంటి చోట ఒక్క మాత్ర జారిపోయినా నష్టమే.

అందుకే మాత్ర ఆపమని ఎవరూ చెప్పకూడదు. వేళ మార్చమని చెప్పాలి. రెండింటికీ చాలా తేడా ఉంది. పొద్దున వేసుకునే అలవాటున్న మనిషి ముందురోజు మాత్ర మామూలుగానే వేసుకుని, పరీక్ష రోజు మాత్రను రక్తం ఇచ్చాక వేసుకుంటుంది. రాత్రి వేసుకునే మనిషి ఆ రాత్రి మాత్రను మరుసటి పొద్దున రక్తం ఇచ్చాక వేసుకుంటుంది. ముందు మాత్రకూ సూదికీ మధ్య కనీసం ఇరవై నాలుగు గంటల ఎడం వస్తుంది, ఒక్క మాత్ర కూడా తగ్గదు. చేయించేది ఫెరిటిన్ ఒక్కటే అయితే ఆ ఎడం కూడా అంత పట్టింపు కాదు, ఒక్క మాత్రతో ఆ అంకె కదలదు. ఈ మాత్రం అర్థం చేసుకోలేనంత అమాయకులు కారు మన ఆడవాళ్లు. శివరాత్రి ఉపవాసం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు విడవాలో ఘడియలతో సహా గుర్తుంచుకునే మనిషికి మాత్ర వేళ చెబితే గుర్తుండదా? చెప్పేవాళ్లు చెప్పకపోవడమే లోపం.

పైగా వాళ్ల అభ్యంతరం ఫలితం వచ్చాక వాళ్ల మీదికే తిరుగుతుంది. మా చెల్లెలు మాత్రలు పూర్తిగా మానేసింది ఎప్పుడు? ఐరన్ సరిపోతోందని తప్పుడు రిపోర్టు చేతికొచ్చాక.

ల్యాబ్‌లు నడిపేవాళ్లను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. శాంపిల్ చీటీ మీద పేరు, వయసు రాసే చోటే ఇంకో మూడు గీతలు వేయండి. చివరి ఐరన్ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, గడిచిన నెలలో జ్వరం గానీ, రక్తం ఎక్కించడం గానీ, ఐరన్ ఇంజెక్షన్ గానీ ఉందా, ఇంకేం మాత్రలు వాడుతున్నారు. ఆ జవాబులు రిపోర్టు మీద అచ్చువేసి డాక్టరుకు పంపండి. ఫెరిటిన్‌కు పరగడుపు అక్కర్లేదని ఫోనెత్తిన అమ్మాయికి నేర్పండి. డాక్టర్లు ఒట్టి సీరం ఐరన్ ఒక్కటే రాసి దాన్నిబట్టి తీర్పు చెప్పడం మానాలి.

అక్కలారా, చెల్లెళ్లారా, వాళ్లు మారేదాకా మీరు ఆగనక్కర్లేదు. రేపు ఐరన్ పరీక్షకు వెళుతుంటే నీళ్లు కడుపునిండా తాగి వెళ్లండి. టిఫిన్ తినొచ్చో లేదో ఏ పరీక్ష కోసమో పేరు పెట్టి అడగండి. వాడే మాత్రలన్నీ, జుట్టు కోసం కొనుక్కున్నవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లి చూపించండి. ఆ రోజు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రను కొంగున ముడేసుకునైనా వెంట తీసుకెళ్లండి. రక్తం ఇచ్చి బయటికొచ్చాక అక్కడే వేసుకోండి.